చలి ఎక్కడ పోతోంది: చెన్నైలో ఒక కుటుంబ రీఫర్ కంపెనీ కేసు

ఇది చెన్నై ఉత్తరాన, మాధవరం–రెడ్‌హిల్స్ వైపు యార్డ్ ఉన్న ఒక తెలుగు కుటుంబం కేసు. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను, రూట్లూ సరుకులూ కొన్ని మార్చాను. రీఫర్ బళ్లు, అంటే సరుకును చల్లగా ఉంచే యంత్రం ఉన్న బళ్లు, నడిపే కంపెనీలకు ఆపరేషన్స్, ఖర్చుల లెక్కలు సరిచేసిపెట్టడం నా పని. ఈ కేసునే ఎందుకు రాస్తున్నానంటే, సరుకు మెత్తబడిందనగానే మన దగ్గర అందరూ డ్రైవర్‌నే అంటారు. ఈ ఇంట్లోనూ అదే జరిగింది. కానీ ఒక్కో ట్రిప్పూ పట్టుకుని వెనక్కి వెళ్తే చివరికి తేలింది డ్రైవర్ దగ్గర కాదు, పెద్దాయన కొన్నేళ్ల కింద ఫోన్లో ఒప్పుకున్న కిరాయి దగ్గర.

నేపథ్యం

పెద్దాయనది నెల్లూరు జిల్లా. మొదట్లో మామూలు లారీలో ఐసు కొట్టించి వేసుకుని చేపలు, రొయ్యలు చెన్నైకి తెచ్చేవారు. తర్వాత పఫ్ ప్యానెళ్లతో (చలి బయటికి పోనివ్వని నురగ పలకలతో) బాడీ కట్టించి రీఫర్ యూనిట్ (లోపలి గాలిని చల్లబరిచే యంత్రం) పెట్టించారు. నేను వెళ్లేనాటికి పెద్దవీ చిన్నవీ కలిపి పద్నాలుగు బళ్లు. పెద్దవి బెంగళూరు, విజయవాడ తిరుగుతాయి, చిన్న వ్యాన్లు నగరంలో షాపులకు వేస్తాయి. పెద్ద కొడుకు బళ్లు, డ్రైవర్లు చూస్తాడు. చిన్న కొడుకు బ్యాంకులు, కొత్త కస్టమర్లు. పెద్ద కోడలు బిల్లింగు, ట్రిప్ షీట్లు. పెద్దాయన రిటైరయ్యారని ఇంట్లో అంటారు గానీ పాత కస్టమర్లు ఇప్పటికీ ఆయనకే ఫోన్ చేస్తారు, ఆయన "సరే, పంపిస్తాలే" అంటే అదే కాంట్రాక్టు.

కుటుంబ కంపెనీల్లో ఇది కొత్తేం కాదు. ముగ్గురు ముగ్గురి పని చేసుకుంటూ పోతారు, రేటు మాత్రం నాలుగో మనిషి చేతిలో ఉంటుంది.

వచ్చిన సమస్య

ఆ ఏడు ఎండాకాలంలో, చెన్నైవాళ్లు అగ్ని నక్షత్రం అనే రోజుల్లో, ఫ్రోజెన్ కూరగాయలు, స్నాక్స్ పంపే పెద్ద కస్టమర్ బెంగళూరు హబ్‌లో లోడ్లు వెనక్కి కొట్టడం మొదలుపెట్టింది. ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 డిగ్రీలు, లేదా అంతకంటే చల్లగా ఉండాలి, మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పేదీ అదే. అక్కడ సరుకు దించుకునేవాడు రెండు అట్టపెట్టెల మధ్య ప్రోబ్ (ఉష్ణోగ్రత చూసే కడ్డీ) పెడితే మైనస్ 11, మైనస్ 12 చూపిస్తోంది. బండి డిస్‌ప్లే మీదేమో మైనస్ 20. సరుకు విలువంతా డెబిట్ నోటుగా వేసి కిరాయిలోంచి కోసేస్తున్నారు. ఒక్క లోడ్ వెనక్కొస్తే చాలా ట్రిప్పుల కిరాయి పోయినట్టే. ఆఖరికి, ఇలాగే జరిగితే కాంట్రాక్టు ఆపేస్తామని కాగితం వచ్చింది.

ఇంట్లో మూడు మాటలు. డ్రైవర్లు దారిలో యూనిట్ ఆపి డీజిల్ అమ్ముకుంటున్నారని పెద్ద కొడుకు. బళ్లు పాతబడ్డాయి, కొత్తవి తీసుకోవాలని చిన్న కొడుకు. కస్టమర్ రేటు తగ్గించడానికి వంక వెతుకుతున్నాడని పెద్దాయన. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అందుకే ఎవరూ ఎవరి మాటా వినలేదు.

నేను వెళ్లేలోపు వాళ్లు చేసినవి

ఒకటి, జరిమానా. లోడ్ వెనక్కొస్తే డ్రైవర్ బత్తాలో కోత. ఇద్దరు పాత డ్రైవర్లు మానేశారు. మిగిలినవాళ్లు భయంతో యార్డులో, డాకులో (సరుకు ఎక్కించే గట్టు దగ్గర) ఎక్కడా యూనిట్ ఆపడం మానేశారు, తలుపులు బార్లా తెరిచి లోడ్ ఎక్కిస్తున్నప్పుడు కూడా. వినడానికి ఇది మంచిదే అనిపిస్తుంది, నిజానికి అక్కడే ఇంకో దెబ్బ తగిలింది. చెన్నై గాలిలో తేమ ఎంతుంటుందో తెలిసిందే. తలుపు తెరిచి యూనిట్ ఆన్‌లో ఉంచితే ఆ తేమనంతా లోపలి కాయిల్ లాక్కుంటుంది, కాయిల్ మీద మంచు కడుతుంది, గాలి ఆడదు. రాత్రంతా యూనిట్ మోగుతూనే ఉంటుంది, చలి మాత్రం సరుకు దాకా వెళ్లదు. డాక్‌కీ బండికీ మధ్య సందు లేకుండా సీల్ ఉన్నచోట తప్ప, ముందే ఖాళీ బాడీని చల్లబరిచి, లోడ్ ఎక్కించేటప్పుడు ఆపి, తలుపు వేశాక మళ్లీ ఆన్ చేయడమే సరైన పద్ధతి. భయపెట్టి నేర్పిన అలవాటు సరైన పద్ధతిని పోగొట్టింది.

రెండు, జీపీఎస్‌తో పాటు టెంపరేచర్ సెన్సార్. ఉష్ణోగ్రత పెరిగితే పెద్ద కొడుకు ఫోన్‌కి అలర్ట్. యూనిట్ డీఫ్రాస్ట్‌కి (కాయిల్ మీది మంచు కరిగించుకోవడానికి) వెళ్లిన ప్రతిసారీ గాలి కాసేపు వేడెక్కుతుంది, అది మామూలే, కానీ దానికీ అలర్టే. రాత్రంతా ఫోన్ మోగి మోగి మనిషి దాన్ని సైలెంట్‌లో పెట్టాడు. పైగా సెన్సార్‌ని అమర్చినవాడు బ్లోయర్ ముందు, చల్లగాలి బయటికొచ్చే చోట బిగించాడు. బాడీలో అన్నిటికంటే చల్లటి చోటు అదే. యూనిట్ ఆన్ చేసిన కొద్దిసేపటికే అక్కడ మైనస్ 20 పడుతుంది, సరుకు ఎలా ఉన్నా సరే.

మూడు, ఒక బండికి కొత్త యూనిట్. ఈఎంఐ మొదలైంది, ఆ బండిలో లోడూ వెనక్కొచ్చింది. చిన్న కొడుకు టెన్షన్ అక్కడి నుంచే ఎక్కువైంది.

ముందు కొలిచాం

ఎవరి మాట కరెక్టో తేల్చే పని పెట్టుకోలేదు. సరుకు వేడెక్కడానికి దారులు నాలుగు. సరుకు ఎక్కేటప్పుడే వేడిగా ఉండటం, బాడీ లేదా యూనిట్ బలహీనపడటం, యూనిట్ ఆపడం, దించేటప్పుడు తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచడం. నాలుగింటికీ మందు వేరు. మంచి సంగతేమిటంటే, నాలుగూ నాలుగు రకాల ఆనవాళ్లు వదులుతాయి. ఎక్కేటప్పుడే వేడి అయితే మొదటి గంట నుంచీ పెట్టె నడిమధ్యే వెచ్చగా ఉంటుంది. బాడీ లీకైతే మధ్యాహ్నం ఎండలో పెరిగి రాత్రికి దిగుతుంది. తలుపు వల్లయితే తలుపు పక్క వరసలే పాడవుతాయి, లోపలివి బాగుంటాయి. యూనిట్ ఆపితే అన్ని వరసలూ కలిసి, మెల్లగా, సాఫీగా ఎక్కుతాయి.

అందుకని ఉష్ణోగ్రతను రాసుకుంటూ పోయే చిన్న డేటా లాగర్లు కొని లోడ్ మధ్యలో, తలుపు దగ్గర, పైవరసలో పెట్టెల లోపలే పెట్టించాం. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ప్రోబ్‌తో సరుకు ఉష్ణోగ్రత. ఈ పని జరిమానా కోసం కాదని డ్రైవర్లకు ముందే, పెద్ద కొడుకు నోటితోనే చెప్పించాం. అది చెప్పకపోతే లాగర్లన్నీ డాష్‌బోర్డులో ప్రయాణం చేసేవి.

యంత్రం లేకపోయినా పట్టుకోగలిగే ఆనవాలు ఒకటుంది. ఫ్రోజెన్ పచ్చి బఠాణీ ప్యాకెట్‌ని చేత్తో నలిపి చూడండి. చలి తప్పకుండా వచ్చిన ప్యాకెట్‌లో గింజలు దేనికది విడిగా, గలగలమంటాయి. మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిన ప్యాకెట్‌లో గింజలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి, కవరు లోపల సన్నటి మంచు పొడి కనిపిస్తుంది. బెంగళూరు నుంచి వెనక్కొచ్చిన పెట్టెల్లో ప్యాకెట్లు అలాగే ఉన్నాయి. అంటే సరుకు దారిలో ఒకసారి వేడెక్కింది, చివర్లో ఎవరో గట్టిగా చల్లబరిచారు. డిస్‌ప్లే మైనస్ 20 చూపడం, పెట్టె మధ్యలో మైనస్ 11 ఉండటం, రెండూ ఎలా నిజమవుతాయో అప్పుడు అర్థమైంది. గాలి అరగంటలో చల్లబడుతుంది, టన్నుల సరుకు చల్లబడదు. రీఫర్ యూనిట్ ఉన్న చలిని నిలబెట్టడానికే గానీ వేడెక్కిన సరుకును మళ్లీ గడ్డకట్టించడానికి కాదు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది యజమానులు యూనిట్ కంపెనీని తిడుతుంటారో.

లాగర్లు చెప్పింది ఇదీ: కొన్ని లోడ్లు ఎక్కేటప్పుడే మైనస్ 14. కొన్ని బళ్లలో తలుపు రబ్బర్లు పోయాయి. ఎక్కువ లోడ్లలో మాత్రం వేలూరు దాటాక ఎక్కడో మొదలై హోసూరు దాకా, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు, గీత సాఫీగా పైకి ఎక్కుతోంది. యూనిట్ ఆపేశారు.

పెద్ద కొడుకు ఆ గ్రాఫ్ చూసి "నేను చెప్పలా?" అన్నాడు.

డీజిల్ లెక్క

ఆగాల్సింది సరిగ్గా అక్కడే అనిపించింది. దొంగతనమే అయితే రాత్రిపూటే ఎందుకు? అందరూ దాదాపు అదే చోట ఎందుకు? ఒక పాత డ్రైవర్‌తో, జీతం ఇచ్చేవాళ్లెవరూ లేనప్పుడు, కూర్చుని అడిగాను. ఆయన దాచలేదు. "సార్, రాత్రి చల్లగా ఉంటుంది, ఆపినా తొందరగా ఎక్కదు. పగలు గేటు ముందు ఎండలో ఆపితే సెక్యూరిటీవాడు రాసుకుంటాడు. ఇచ్చిన డీజిల్ రెండింటికీ రాదు. నన్నేం చేయమంటారు?"

లెక్క వేసి చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. చెన్నై–బెంగళూరు ఒక వైపు సుమారు 350 కిలోమీటర్లు. ట్రిప్పుకి 75 లీటర్లు ఫిక్స్, లారీకీ యూనిట్‌కీ కలిపి, మిగిలితే డ్రైవర్‌ది, తగ్గితే డ్రైవర్ జేబులోంచి. లీటరుకి ఐదున్నర కిలోమీటర్ల చొప్పున బండికే 64 లీటర్లు పోతుంది. యూనిట్‌కి మిగిలింది 11. వాళ్ల బంకు బిల్లులు, యూనిట్ మీద ఉండే గంటల మీటరు కలిపి చూస్తే ఎండాకాలంలో గంటకు రెండున్నర లీటర్లు తాగుతోంది. అంటే నాలుగున్నర గంటలకు కూడా చాలదు. కావాల్సిందో? ముందుగా చల్లబరచడానికి ఒక గంట, దారిలో తొమ్మిది, హబ్ గేటు ముందు టోకెన్ కోసం ఏడు. పదిహేడు గంటలు, 42 లీటర్ల పైమాటే. లోటు 31 లీటర్లు, లీటరు తొంభై పైచిలుకు లెక్కన దాదాపు 2,800 రూపాయలు. ఆ ట్రిప్పుకి వాళ్లిచ్చే బత్తా అంతకంటే తక్కువ.

75 లీటర్లు ఎవరు పెట్టారు? పెద్దాయన. పెట్టిననాడు తప్పూ కాదు. అప్పట్లో ఆ కస్టమర్‌ది చిన్న గోడౌన్, బండి వెళ్లిన గంటలో ఖాళీ. తర్వాత వాళ్లు పెద్ద హబ్‌కి మారారు, టోకెన్లు, స్లాట్లు వచ్చాయి. గేటు ముందు నిలబడే గంటలు పెరిగాయి, ఇక్కడ లీటర్లు పెరగలేదు, కిరాయీ పెరగలేదు. కస్టమర్ గేటు దగ్గర చేసే ఆలస్యానికి డబ్బు ఎవరూ ఇవ్వడం లేదు కాబట్టి అది సరుకులోని చలిలోంచి పోతోంది. డీజిల్ అమ్ముకున్నవాడు ఒక్కడూ లేడని నేను అనను. కానీ నిజాయితీగా నడిపేవాడికి కూడా ఈ లెక్కలో దారి లేదు.

ఫలించనిది, ఫలించినది

ఈ లెక్క చూపించాక కూడా పెద్ద కొడుకు ముందు చేసింది, యూనిట్ స్విచ్ మీద ఇనుప డబ్బా పెట్టి తాళం వేయడం. ఆయన వైపు నుంచి చూస్తే అర్థముంది, నోటీసు గడువు దగ్గరపడుతోంది, కిరాయి మాట్లాడటానికి టైం పడుతుంది. కానీ ఒక రాత్రి కృష్ణగిరి దగ్గర యూనిట్ అలారం వేసి ఆగిపోయింది. అది రీసెట్ కొడితే మళ్లీ ఎక్కే రకం ఫాల్ట్. డ్రైవర్ దగ్గర తాళం చెవి లేదు. ఆ లోడ్ పోయింది. డబ్బాలు తీసేశారు.

చిన్న కొడుకు అడిగింది సూటి ప్రశ్న: లీటర్లు పెంచేస్తే సరిపోదా, 75 బదులు 106 ఇద్దామా? నేను వద్దన్నాను. యూనిట్ డీజిల్, బండి డీజిల్ ఒకే లెక్కలో ఉన్నంతకాలం ఎంత పెంచితే ఆపడం వల్ల వచ్చే లాభం అంత పెరుగుతుంది. నిన్నటిదాకా గత్యంతరం లేక ఆపినవాడికి రేపు ఆపితే 2,800 మిగులుతుంది. విడదీయాలి. బండి డీజిల్‌లో ఆదా చేస్తే డ్రైవర్‌దే, పాత పద్ధతే, అందులో వాళ్లకు సరదా ఉంది, మైలేజీ కూడా బాగుంటుంది. యూనిట్ డీజిల్ మాత్రం గంటల మీటరు ప్రకారం: ఎన్ని గంటలు తిరిగితే అన్ని గంటల డీజిల్ కంపెనీ నింపుతుంది, ఆపినా డ్రైవర్‌కి రూపాయి మిగలదు. లారీ ట్యాంకు నుంచే యూనిట్‌కి పైపు ఉన్న బళ్లకు వేరే చిన్న ట్యాంకులు పెట్టించాం. యూనిట్ ట్యాంకులోంచి తీసి అమ్మితే? గంటలకీ లీటర్లకీ పొంతన కుదరదు, నెలాఖరుకి ట్రిప్ షీట్ల మీదే కనిపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడ. అలా విడదీస్తే ఆ రూట్‌లో ప్రతి ట్రిప్పూ నష్టమని కాగితం మీద తేలిపోతుంది. కస్టమర్‌ని అడగాలి. అడగాలంటే పెద్దాయన ఒప్పుకోవాలి, ఎందుకంటే మాట ఆయనది. కొడుకులిద్దరూ ఆయన ముందు నోరెత్తలేదు. బయటి మనిషిని నేను చెప్తే "మీరు లెక్కల మనుషులు, మాకు సంబంధాలుండాయి" అన్నారు.

ఆ పని చేసింది పెద్ద కోడలు. ఆమె వాదించలేదు. అంతకుముందు రెండు నెలల ట్రిప్ షీట్లు, గేటు ఎంట్రీ స్లిప్పులు, గంటల మీటరు రీడింగులు పక్కపక్కన పెట్టి బండికొక కాగితం రాసింది. బండి నంబరు, గేటు ముందు నిలబడ్డ గంటలు, ఆ గంటలకైన డీజిల్, దానికి మనకొచ్చింది సున్నా. ఆయనకు కంప్యూటర్ షీట్ మీద నమ్మకం లేదని చేత్తోనే రాసింది. భోజనాలయ్యాక ఆయన ముందు పెట్టి, "మామయ్యా, మీరిచ్చిన మాట తప్పమని నేను అడగను. మీరు మాటిచ్చినప్పుడు గంటలో దించుతామని వాళ్లు కూడా మాటిచ్చారు కదా, అది వాళ్లు నిలబెట్టుకున్నారా అని అడగండి" అంది. ఆయన కాగితాలన్నీ చూసి, ఒక బండి దగ్గర ఆగి, "ఇది పదకొండు గంటలు నిలబడిందా?" అన్నారు. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. మాట తప్పడం అనే భయం పోయి మాట గుర్తుచేయడం అయ్యేసరికి ఆయనకంటే గట్టిగా బేరమాడేవాళ్లు ఆ ఇంట్లో లేరని తేలింది.

కస్టమర్ తరఫు ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ మొదట కుదరదన్నాడు. లాగర్ గ్రాఫ్, గేటు స్లిప్పు పక్కపక్కన పెట్టాక మాట మారింది, వెనక్కొచ్చిన లోడ్ వల్ల వాళ్ల షెల్ఫులూ ఖాళీ అవుతున్నాయి కాబట్టి. మొదటి మూడు గంటలు ఉచితం, ఆపైన గంటకింత అని డిటెన్షన్ (బండిని నిలబెట్టినందుకు ఇచ్చే డబ్బు) ఒప్పందం కుదిరింది. డబ్బు పడుతుందనగానే టోకెన్లు తొందరగా రావడం మొదలైంది. నిజం చెప్పాలంటే డిటెన్షన్‌గా వచ్చిన డబ్బు కంటే తగ్గిన గంటలే వీళ్లకు ఎక్కువ మేలు చేశాయి.

రెండో షరతు, లోడింగ్ దగ్గర ఇద్దరి ముందూ ప్రోబ్ పెట్టి ఆ అంకెను ఎల్ఆర్ (లారీ రసీదు) మీద రాసి సంతకాలు. కస్టమర్‌ని అనుమానించినట్టుంటుందని చిన్న కొడుకు జంకాడు. కానీ ఆ సంతకం లేకపోతే డాక్ మీద మధ్యాహ్నమంతా పడున్న సరుకు వేడి కూడా మన బండి ఖాతాలోకే వస్తుంది. మైనస్ 14 చూపించినరోజు రాసి సంతకం తీసుకోవాలి, లేదా లోడ్ ఎక్కించకూడదు. రాయడం మొదలయ్యాక వాళ్ల డాక్ మీద సరుకు ముందే తెచ్చి పెట్టడం తగ్గింది.

మిగతావి చిన్న పనులు: రబ్బర్లు మార్చడం, సెన్సార్‌ని గాలి తిరిగి యూనిట్‌లోకి వెళ్లే చోటికి మార్చడం, పైకప్పు దాకా పెట్టెలు పేర్చకుండా లోపల ఎర్రగీత గీయడం, డీఫ్రాస్ట్‌కి మోగకుండా అలర్ట్‌ని అరగంట ఆలస్యంగా పెట్టడం. జరిమానా ఎత్తేశారు.

ఇప్పుడెలా ఉంది

బెంగళూరు రూట్‌లో లోడ్లు వెనక్కి రావడం చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. కాంట్రాక్టు నిలబడింది. డిటెన్షన్ అడిగినందుకు ఇంకో పాత కస్టమర్ వెళ్లిపోయాడు, పెద్దాయనకు అది చాలా బాధ. అతని లెక్క కూడా రాసి చూశాం, ఆ బళ్లు తిరిగినన్నాళ్లూ నష్టానికే తిరిగాయి. రెండు పాత బళ్లు అమ్మేశారు. మానేసిన డ్రైవర్లలో ఒకతను తిరిగొచ్చాడు. రేట్ల మీద ఒక ఏర్పాటు చేసుకున్నారు: ఫోన్ పెద్దాయనే ఎత్తుతారు, "మా అమ్మాయి లెక్క చూసి చెప్తుంది" అంటారు, కోడలు గంటల్లో లెక్క కట్టాకే రేటు వెళ్తుంది. ఆయన గౌరవం తగ్గకుండా నిర్ణయం చేతులు మారింది. ఇది నేను చెప్పింది కాదు, వాళ్లే కుదుర్చుకున్నారు.

తేలనిది నగరంలో తిరిగే చిన్న వ్యాన్లు. అక్కడ యూనిట్ బండి ఇంజన్ మీదే నడుస్తుంది కాబట్టి గంటల మీటరు పద్ధతి సరిగ్గా అతకదు. దానికితోడు షాపు షాపుకీ తలుపు తీయాలి. తలుపుకి ప్లాస్టిక్ కర్టెన్లు కట్టిస్తే సరుకు తీసేటప్పుడు ముఖానికి తగులుతున్నాయని కుర్రాళ్లు పక్కకి కట్టేస్తున్నారు, వాళ్లనీ అనలేం, రోజంతా ఎక్కి దిగేది వాళ్లు. ఐస్‌క్రీమ్ వేసే ఒక వ్యాన్‌లో యూటెక్టిక్ ప్లేట్లు (గడ్డకట్టి చలిని దాచుకునే ద్రవం నింపిన పలకలు) పెట్టించి చూస్తున్నారు. రాత్రి యార్డులో కరెంటుతో గడ్డకట్టించుకుంటే పగలు ఇంజన్ ఆపినా గంటల తరబడి చలి నిలుస్తుంది. బరువు ఎక్కువ కాబట్టి ఎక్కించే సరుకు తగ్గుతుంది. తగ్గిన సరుకుకి కిరాయి ఎలా కట్టాలన్న దాని మీద చిన్న కొడుకూ కోడలూ ఇప్పుడు కూర్చుంటున్నారు.